గట్టున నిలబడ్డ వెన్నెల

రండి, మంట దగ్గరికి జరగండి. పున్నమి వెళ్ళి మూడు రోజులైంది కదా, చంద్రుడు గుట్ట మీదికి రావడానికి ఇంకా టైముంది. మా నల్లగొండ చలికాలం మీకు తెలియనిది కాదు. పగలంతా ఎండ కాస్తుంది, పొద్దుగూకిందంటే చేలమీంచి చలి లేస్తుంది. ఈ బండకు వీపు ఆనించి కూర్చోండి, పగటి ఎండను దాచుకుని ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది. పాలమూరు నుంచి వచ్చిన పల్లికాయ నిప్పుల్లో వేశాను. అది కాలేలోపు ఈ పుస్తకం చూద్దాం. నలుపు తెలుపు బొమ్మల పుస్తకం. ఇలాంటి బొమ్మల్ని కరెంటు లైటు కింద కంటే మంట వెలుగులో చూడటమే నాకు ఇష్టం. అవి పుట్టింది కూడా దీపాల కాలంలోనే.

ఇవన్నీ రొమాంటిక్ యుగపు ప్రకృతి దృశ్యాలు. ఆ పేరు వినగానే ప్రేమకథలు అనుకోకండి. మన భావకవులు ఏ ఇంగ్లీషు కవుల్ని చదివి కొండల్నీ వెన్నెలనీ తమ గుండెలోకి తెచ్చుకున్నారో, ఆ కవుల కాలం ఇది. 18వ శతాబ్దం చివరి నుంచి 19వ శతాబ్దం నడిమి దాకా సాగింది. అప్పటికి ఫొటో ఇంకా ఇంటింటికీ రాలేదు. ఒక కొండనో ఒక కోటనో వేలమందికి చూపించాలంటే దాన్ని రాగి రేకు మీదో ఉక్కు రేకు మీదో చెక్కి, సిరా పట్టించి, కాగితం మీద అచ్చు తీయాలి. రాగి రేకు మీద చెక్కడం మనకు కొత్తేమీ కాదు, రాజులు దానాలు రాయించింది వాటిమీదే. మన రేకు మాటను దాచింది, వాళ్ళ రేకు గాలిని దాచింది.

గాలిని దాచడం ఏమిటంటారా? ఇదిగో, ఈ బొమ్మ చూడండి. పేరు 'ఓల్డ్ సేరమ్'. జాన్ కాన్‌స్టేబుల్ అనే చిత్రకారుడి దృశ్యాన్ని డేవిడ్ లూకాస్ అనే చెక్కుడు పనివాడు రేకు మీదికి తెచ్చాడు. ఇంగ్లండులో ఒకప్పుడు పట్నంగా వెలిగి, జనం పక్కకు తరలిపోయాక పాడుబడ్డ దిబ్బ అది. బొమ్మలో యుద్ధం లేదు, రాజు లేడు, ఊరేగింపు లేదు. ఒక మట్టి దిబ్బ ఉంది, దానిమీద బరువైన మబ్బు ఉంది, ఆ మబ్బు సందులోంచి నేల మీదికి దిగిన వెలుగు చార ఉంది. అంతే. కాసేపు చూస్తే మాత్రం గుండెలో ఏదో బరువుగా కదులుతుంది. ఆ కదలిక కోసమే ఇవాళ మిమ్మల్ని పిలిచాను.

ముందు దీన్ని ఎలా చేస్తారో చెప్తాను. పని తెలిస్తే బొమ్మ మీద ప్రేమ రెట్టింపవుతుంది. ఈ పద్ధతి పేరు మెజోటింట్. అర్ధచంద్రాకారపు అంచుకు సన్నని పళ్ళున్న ఇనుప పనిముట్టు ఒకటి ఉంటుంది. దాన్ని రేకు మీద ఉయ్యాలలా అటూ ఇటూ ఊపుతూ నిలువునా, అడ్డంగా, ఏటవాలుగా, రేకంతా గరుకు చేస్తారు. ఇదొక్కటే రోజుల తరబడి సాగే పని. అప్పుడు సిరా పట్టించి అచ్చు తీస్తే ఏమొస్తుంది? ఏ గీతా ఉండదు, మఖమల్ లాంటి చిక్కటి నలుపు వస్తుంది. బొమ్మ మొదలయ్యేది ఆ నలుపు నుంచి. వెలుగు కావలసిన చోట గరుకును గీకుతారు. ఎంత గీకితే అంత తెల్లబడుతుంది, నున్నగా మెరుగు పెడితే పూర్తి తెలుపు. మామూలుగా మనం తెల్ల కాగితం మీద చీకటి గీస్తాం. వీళ్ళు చీకట్లోంచి వెలుగును బయటికి తీస్తారు.

నా మనసు ఎప్పుడూ ఇక్కడ ఆగిపోతుంది. మన ఊరి పేరు ఏమిటి? నల్లగొండ. నల్లటి కొండ. తెల్లవారుజామున పానగల్లు చెరువు గట్టు మీద నిలబడి చూస్తే ఊరి గుట్టలు ముందు ఉత్త నలుపు ముద్దగా ఉంటాయి. తర్వాత ఒక గుండు అంచు తేలుతుంది. దాని పక్కన పగులు, ఆ పగులులో మొలిచిన చెట్టు. ఎవరో ఓపికగా గీకుతున్నట్టే వెలుగు వస్తుంది. లూకాస్ రేకు మీద చేసిన పనిని మన గుట్టల మీద పొద్దు రోజూ చేస్తోంది.

కాన్‌స్టేబుల్, లూకాస్ కలిసి 1830 నుంచి 1832 దాకా 22 బొమ్మలు వెలువరించారు. ప్రకృతిలో వెలుగునీడలు ఎలా నడుస్తాయో చూపించాలన్నది కాన్‌స్టేబుల్ పట్టుదల. అచ్చు నమూనా వచ్చిన ప్రతిసారీ దానిమీద దిద్దేవాడు. ఇక్కడ మబ్బు బరువెక్కాలి, అక్కడ నీళ్ళు మెరవాలి అని ఉత్తరాల మీద ఉత్తరాలు రాసేవాడు. లూకాస్ మళ్ళీ గీకేవాడు, మళ్ళీ గరుకు చేసేవాడు. ఇంత చేసినా ఆ బొమ్మలు సరిగా అమ్ముడుపోలేదు. కాన్‌స్టేబుల్ 1837లో పోయాడు. లూకాస్ 1881లో, దిక్కులేని పేదల్ని ఉంచే ఆశ్రమంలో కన్నుమూశాడు. ఈ మబ్బును ఇంత మెత్తగా తీసిన చేతులకు చివరికి దక్కింది అది. ఈ బొమ్మ చూసినప్పుడల్లా ఆయన్ని తలుచుకోవడం మన బాధ్యత అని నాకనిపిస్తుంది.

ఇప్పుడు ఓల్డ్ సేరమ్‌ను పక్కన పెట్టి, మీరు రాచకొండ వెళ్ళిన రోజును గుర్తు చేసుకోండి. వెళ్ళలేదా? ఈ చలికాలంలోనే వెళ్ళండి. సంస్థాన్ నారాయణపురం దిక్కున, ఒకప్పుడు మన ఉమ్మడి జిల్లాలో, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల రాజధాని. సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలు, ఒంటరిగా నిలబడ్డ దర్వాజలు, గుండ్ల మధ్య సీతాఫలం పొదలు. సాయంత్రం నాలుగు దాటాక వెళితే మేకల మందలు దిగివస్తుంటాయి. ఆ తర్వాత ఎవరూ ఉండరు. వెలుగు ముందు లోయను వదులుతుంది, తర్వాత గోడను, చివరికి కొన గుండును. నేను మొదటిసారి ఆ గుండు మీది చివరి వెలుగును చూసినప్పుడు నాకు లూకాస్ గీకిన ఆ చారే గుర్తొచ్చింది. అదీ పాడుబడ్డ పట్నమే, ఇదీ పాడుబడ్డ పట్నమే.

అసలు విశేషం ఇంకొకటుంది. ఈ రాచకొండను ఏలిన రాజే ఇలాంటి భావాల గురించి ఒక పెద్ద గ్రంథం రాశాడు. సర్వజ్ఞ సింగభూపాలుడు. ఆయన 'రసార్ణవసుధాకరం' సంస్కృత అలంకార శాస్త్రంలో పేరున్న గ్రంథం, మూడు విలాసాలుగా ఉంటుంది. రసం ఎలా పుడుతుందో చెప్తూ పాత ఆలంకారికుల దారిలోనే ఆయనా రెండు మాటలు వాడతాడు. ఎవరిని పట్టుకుని భావం నిలుస్తుందో వాళ్ళు ఆలంబనం, అంటే నాయకుడు, నాయిక. ఆ భావాన్ని ఎగదోసేది ఉద్దీపనం. ఇదిగో, ఈ మంటలో నేను పుల్ల ఎగదోశాను చూడండి, అలాగ. ఆ ఉద్దీపనాల్ని ఆయన నాలుగు రకాలు చేశాడు. మొదటి మూడూ మనిషికి చెందినవి, అంటే గుణాలు, చేష్టలు, అలంకారాలు. నాలుగో రకం మనిషికి బయట ఉండేవి. వెన్నెల, చంద్రోదయం, కోకిల కూత, చల్లగాలి, మేఘం ఉరుము, కొలను, ఏరు. వీటికి ఆయన వాడిన పేరు తటస్థాలు.

తటస్థం అంటే ఇవాళ మనం ఎవరి పక్షమూ పట్టకపోవడం అనే అర్థంలో వాడుతున్నాం. అసలు మాట చూడండి. తటం అంటే గట్టు. తటస్థం అంటే గట్టున నిలబడ్డది. కథ ఏరులా పారిపోతుంటే వెన్నెల గట్టున నిలబడి ఉంది. ఆ మాట దగ్గర నేను ఎన్ని సాయంత్రాలు ఆగిపోయానో చెప్పలేను.

నాకు తోచింది మీతో పంచుకుంటాను, ఒప్పుకోవాలో లేదో మీరే తేల్చండి. రొమాంటిక్ యుగపు చెక్కుడు బొమ్మల్లో జరిగింది ఇదే. నాయకుడూ నాయికా వెళ్ళిపోయారు. గట్టున నిలబడ్డ వెన్నెల ఒక్కటే మిగిలింది, బొమ్మ బరువంతా అదే మోసింది. ఉద్దీపనమే ఆలంబనమైంది. అందుకే ఓల్డ్ సేరమ్ బొమ్మలో మనిషి కోసం వెతకం, మబ్బును చూస్తూ కూర్చుంటాం. రాచకొండలో జరిగిందీ అదే. రాజు వెళ్ళిపోయాడు, ఆయన జాబితాలో నాలుగో వరసలో రాసుకున్న చంద్రోదయం మాత్రం రోజూ వస్తోంది.

పల్లికాయ కాలింది, తీసుకోండి. వేళ్ళు జాగ్రత్త.

మరి ఆ కాలంలో మన గుట్టల్ని ఎవరైనా చెక్కారా అని మీరు అడుగుతారు. దగ్గరగా వచ్చినవాళ్ళున్నారు. విలియం హోడ్జెస్ 1780లలో 48 బొమ్మలతో భారతదేశపు దృశ్యాలు వెలువరించాడు. ఆ తర్వాత థామస్ డానియెల్, ఆయన సోదరుడి కొడుకు విలియం, 1786 నుంచి 1793 దాకా దేశమంతా తిరిగి, లండన్ వెళ్ళి 'ఓరియంటల్ సీనరీ' పేరుతో 144 బొమ్మలు చేశారు. 1795 నుంచి 1808 దాకా పట్టింది ఆ పని. దక్షిణాన వాళ్ళ దారి మద్రాసు నుంచి బెంగళూరు మీదుగా మదురై, కన్యాకుమారి వైపు సాగింది. కృష్ణ దాటి మన మెట్టకు రాలేదు. అయితే ఆ దారిలో రాయకోట ఉంది. ఇప్పటి కృష్ణగిరి జిల్లాలో, హోసూరు దగ్గర. ఇప్పటికీ తెలుగు మాట వినిపించే సీమ. అక్కడి బండ కొండనూ దాని మీది కోటనూ డానియెల్‌లు బొమ్మ చేశారు. చూడగానే నాకు దేవరకొండ, భువనగిరి, ఖిల్లా ఘనపురం గుర్తొచ్చాయి. ఒకే జాతి రాయి, ఒకే తీరు నునుపు, అదే ఒంటరితనం.

డానియెల్‌ల పద్ధతి వేరు, దాన్ని ఆక్వాటింట్ అంటారు. రాగి రేకు మీద సన్నని గుగ్గిలం పొడి చల్లి వేడి చేస్తారు, పొడి చుక్కలు చుక్కలుగా అతుక్కుంటుంది. యాసిడ్‌లో ముంచితే చుక్కల మధ్య సందుల్లోనే రాగి తినబడుతుంది. తెల్లగా ఉండాల్సిన చోట ముందే వార్నిష్ పూస్తారు. ఒకసారి ముంచి తీసి, లేత బూడిద రంగు చాలనుకున్న చోట మళ్ళీ వార్నిష్ పూసి ఇంకోసారి ముంచుతారు. ఇలా మెట్టు మెట్టుగా చీకటి లోతవుతుంది. దూరపు కొండ ఒక్క ముంపుతో ఆగుతుంది, దగ్గరి చెట్టు అన్ని ముంపులూ తింటుంది. దూరం అన్నది అలా పుడుతుంది.

ఇది చదివినప్పుడు నాకు పోచంపల్లి గుర్తుకొచ్చింది. అక్కడ ఒక పెద్దాయన చిటికి కడుతుంటే పక్కన కూర్చున్న రోజు. చాచిన నూలు పోగుల మీద గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోటల్లా పాత సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పట్టీతో బిగించి కడుతున్నాడు. అది రంగులో ముంచి, విప్పి, మళ్ళీ వేరే చోట కట్టి, ఇంకో రంగులో ముంచాలి. నేయడం మొదలుకాక ముందే బొమ్మంతా పోగుల్లోకి వెళ్ళిపోవాలి.

"ఇంత కట్టినా అంచు కొంచెం చెదురుతుంది కదా పెద్దనాయనా?" అన్నాను.

"చెదురుతది బిడ్డా. కట్టు కిందికి రంగు జర పాకుతది. గా పాకుడు ఉంటెనే అది మన చీర. గీత గీసినట్టుంటే అచ్చేసిన బట్టయితది," అన్నాడు ఆయన, పట్టీ పంటితో బిగిస్తూ.

బొమ్మలో గాలి అంటే ఏమిటో ఇంతకంటే బాగా నాకెవరూ చెప్పలేదు. ఒక వస్తువు ఎక్కడ ఆగి ఇంకొకటి ఎక్కడ మొదలైందో తేల్చనివ్వని ఆ కొద్దిపాటి పాకుడే వాతావరణం. గుట్ట అంచు ఆకాశంలోకి కొంచెం పాకుతుంది. చెరువు మంచులోకి పాకుతుంది. గీత గట్టిగా ఉంటే పటం అవుతుంది, అంచు పాకితే దృశ్యం అవుతుంది.

గోలకొండకు వస్తే కథ ఇంకో మలుపు తిరుగుతుంది. 1830ల మొదట్లో లండన్‌లో ఫిషర్ కంపెనీ 'వ్యూస్ ఇన్ ద ఈస్ట్' అనే పుస్తకం వేసింది. గోలకొండ రాజుల సమాధుల బొమ్మ అందులో ఉంది. కెప్టెన్ రాబర్ట్ ఇలియట్ అనే నౌకాదళ అధికారి ఇక్కడ తిరిగినప్పుడు వేసుకున్న చిత్తు గీతలే ఆ పుస్తకానికి మూలం. లండన్ చిత్రకారులు ఆ గీతల్ని చూసి పూర్తి చిత్రాలు చేశారు. వేరే పనివాళ్ళు వాటిని రేకు మీద చెక్కారు. అప్పటికి రాగి పోయి ఉక్కు రేకు వచ్చింది. రాగి మెత్తన, కొన్ని వందల అచ్చులకే అరిగేది. ఉక్కు వేలల్లో తీసినా నిలిచేది. బొమ్మలు మామూలు ఇళ్ళలోకి కూడా చేరాయి, మంచిదే. కానీ ఒక్కమాట ఆలోచించండి. చూసిన కన్ను ఒకరిది, గీసిన చెయ్యి ఒకరిది, చెక్కిన ఉలి ఒకరిది. ఆ ఆకాశం మాత్రం ఎవరిది? థేమ్స్ నది ఒడ్డున కూర్చుని చెక్కేవాడికి తెలిసిన మబ్బు తడి మబ్బు. మన మెట్టనేల గాలి పొడిగాలి. అందులో దూరం కరిగిపోదు, కోసినట్టు కనిపిస్తుంది.

అందుకని మన నేలకు భావం తక్కువా? అస్సలు కాదు. మన గాలి వేళల్ని నమ్ముకుంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం బండమీద గాలి వణుకుతుంటుంది, దూరపు తాటిచెట్లు నీళ్ళలో నిలబడ్డట్టు కదులుతాయి. మృగశిర కార్తెలో మొదటి వానకు ముందు, పడమట నల్లటి మబ్బు లేచి, ఇటు గుట్ట మాత్రం ఇంకా ఎండలో మెరుస్తూ ఉండే పావుగంట ఉంటుంది. కాన్‌స్టేబుల్ ఆ పావుగంట చూసి ఉంటే లూకాస్‌కు ఎన్ని ఉత్తరాలు రాసేవాడో! చలికాలం పొద్దున మంచు చెరువు మీద మాత్రమే ఆగి గట్టు దాటదు. సాయంత్రం ఇళ్ళ మీది పొయ్యి పొగ పైకి లేవకుండా ఊరి నడుము చుట్టూ తెల్లటి పట్టీలా నిలుస్తుంది. పాలమూరు దిక్కున కృష్ణ ఒడ్డు ముడుమాలులో మూడు వేల ఏళ్ళు దాటిన నిలువురాళ్ళున్నాయి. పొద్దు వాలేవేళ వాటి నీడలు చేను పొడవునా సాగుతాయి. ఇవన్నీ మన తటస్థాలు.

నీడ అంటే పానగల్లు ఛాయా సోమేశ్వరుడి గుడి చెప్పకుండా ఎలా ఉంటాను? నల్లగొండ ఊరికి ఆనుకునే ఉంది. కుందూరు చోడుల కాలపు త్రికూటాలయం. గర్భగుడిలో లింగం వెనక గోడమీద స్తంభం నీడ ఒకటి నిలబడి ఉంటుంది, పొద్దు ఎటు తిరిగినా అది మాత్రం కదలదు. నేరుగా పడే ఎండ చేసిన నీడ కాదది. బయటి వెలుగు స్తంభాల మధ్య నుంచి చెదిరి లోపలికి వస్తుంది, ఆ చెదిరిన వెలుగును స్తంభాలు అడ్డుకున్న చోట నీడ నిలుస్తుంది. కట్టినవాళ్ళు రాతినే కాదు, వెలుగునూ కొలిచారన్నమాట. ఎండను ఎక్కడ ఆపాలో, ఎంత లోపలికి రానివ్వాలో తెలిసిన ఆ శిల్పికీ, రేకు మీద ఎంత గీకాలో తెలిసిన లూకాస్‌కూ మధ్య ఏడెనిమిది వందల ఏళ్ళ దూరం. ఇద్దరి పనీ ఒక్కటే.

ఒక బాధ కూడా చెప్పుకోవాలి. జేమ్స్ ఫోర్బ్స్ 1813లో వేసిన 'ఓరియంటల్ మెమాయిర్స్'లో నర్మద నది దీవిలోని కబీర్ వడ్ మర్రి బొమ్మ ఉంది. మన మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కూడా అలాంటి మహావృక్షమే, దాదాపు 700 ఏళ్ళదని చెప్తారు. 2018లో చెదలు పట్టి కొమ్మలు కూలుతుంటే సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించి కాపాడుకున్నాం. చెట్టుకు జబ్బు చేస్తే కనీసం వైద్యం చేస్తాం. గుట్టకు? మా ఇంటి నుంచి చిన్నప్పుడు కనిపించిన గుట్ట ఒకటి ఇప్పుడు సగమే ఉంది, మిగతా సగం కంకర అయింది. సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి రాయి ఇది. కోసిన గ్రానైట్ మళ్ళీ మొలవదు. ఇల్లు కట్టుకోవడానికి రాయి కావాలి, కాదనను. కానీ ఏ గుట్ట మీద ఊరంతా పొద్దు చూసుకుంటుందో ఆ గుట్టను వదిలేయాలి. ఒక గుట్ట పోతే రాయి ఒక్కటే పోదు, ఆ రాయి మీద రోజూ జరిగే సాయంత్రం పోతుంది. ఓల్డ్ సేరమ్‌కు లూకాస్ రేకు ఉంది. మన గుట్టల్లో చాలావాటికి గుట్ట తప్ప ఇంకో ప్రతి లేదు.

అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీ పిల్లల చేతికి ఒక బొగ్గు ముక్క ఇవ్వండి, ఇదిగో ఈ మంటలోంచి తీసిందే చాలు. కాగితమంతా నల్లగా రుద్దమనండి. తర్వాత రబ్బరుతో వెలుగును తీయమనండి, మీ ఊరి గుట్ట అంచు, చెరువు మీది మెరుపు, దర్వాజ సందు. నేను బడి పిల్లలతో చేయించి చూశాను. నలుపుతో మొదలుపెట్టిన పిల్లలు ఆ సాయంత్రం ఇంటికి పోతూ దారిలో ఆగి గుట్టను చూశారు. నాకు అంతకంటే ఏం కావాలి?

మంట తగ్గింది, కొత్త పుల్ల వేయొద్దు. పుస్తకం మూసేయండి. అటు తూర్పున చూడండి. ఇందాక మనకు కనిపించనే లేదు అక్కడ గుట్ట ఉందని. ఇప్పుడు ఎడమ చివర గుండు అంచు తెల్లగా తేలింది, దాని కింద పగులు ఇంకా నలుపులోనే ఉంది. ఎవరో రేకు మీద మొదటిసారి గీకారు. మాట్లాడకుండా కూర్చుందాం, మిగతాది కూడా తీస్తారు.